పరుగెత్తే ఒంటికి జెల్, పారపట్టిన ఒంటికి పస్తు

పోయిన ఎండాకాలం ఒక తెల్లవారుజామున కర్నూలు దాటి ఓర్వకల్లు వైపు సైకిల్ తొక్కుతున్నాను. బయలుదేరి గంటయింది. బండి ఆపి, జేబులోంచి జెల్ పొట్లం తీసి, మూతి చించి నోట్లోకి పిండుకున్నాను. పారలు, గంపలు పట్టుకుని కరువుపనికి పోతున్న ఆడవాళ్ళు నిలబడి చూశారు.

"ఏందమ్మా అది, పండ్ల పేస్టు తింటాండావా?" అంది ఒకామె. అందరం నవ్వుకున్నాం.

"బలానికక్కా. చక్కెర పాకం మాదిరి ఉంటాది. గంటసేపు తొక్కితే ఒంట్లో శక్తి తగ్గిపోతాది, నడాన ఇది తినాల" అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "గంటకేనా? మేం పదకొండు దాకా తవ్వుతాం. మాకెవరు పెడతారు?"

ఈ సంగతి తోటి అధ్యాపకురాళ్ళకూ రాసే స్నేహితులకూ చెబితే రెండు రకాల జవాబులు వచ్చాయి. "ఆ జెల్లులెందుకు, మన రాగి సంగటి లేదా? మా అవ్వ ముద్ద తిని పది మైళ్ళు నడిచేది" అన్నది ఒకటి. "ఇదంతా మధ్యతరగతి సరదా, స్త్రీవాదానికి దీనితో ఏం పని?" అన్నది రెండోది. నా పేచీ ఈ రెండింటితోనూ.

ముందు జెల్ అంటే ఏమిటో చూద్దాం. అందులో మాయేమీ లేదు. మొక్కజొన్న లాంటి గింజల పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్, కాస్త ఫ్రక్టోజ్, చిటికెడు ఉప్పు. ఒక్కో పొట్లంలో పాతిక గ్రాముల దాకా పిండిపదార్థం, అంటే సుమారు నూరు కేలరీలు. ఖరీదు మాత్రం నూరు రూపాయలకు అటూ ఇటూ. దాని వెనకున్న శాస్త్రం ఇంత: కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ కొన్ని గంటల గట్టి శ్రమకే వస్తుంది. అది అడుగంటితే కాళ్ళు కదలవు, తల తిరుగుతుంది. కాబట్టి గంట దాటిన శ్రమలో గంటకు 30 నుంచి 60 గ్రాములు, మరీ సుదీర్ఘమైతే 90 గ్రాముల దాకా తీసుకోవాలి. ఆకలి వేసేదాకా ఆగకూడదు.

నలభై ఏళ్ళు దాటాక సైకిలెక్కి నేను నేర్చుకున్న కొత్త పాఠం ఈ చివరి మాటే. అందరూ తిన్నాక తినడం, మిగిలింది తినడం, ఆకలైనా కానట్టుండడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యలు. పనిలో ఉన్న ఒంటికి పని మధ్యలోనే తిండి పెట్టాలనీ, అది ఆశపోతుతనం కాదనీ నాకు అమ్మ చెప్పలేదు, బడి చెప్పలేదు. ఒక ప్లాస్టిక్ పొట్లం చెప్పింది. ఇందులో సిగ్గుపడాల్సింది నేను కాదనుకుంటాను.

ఇక సంగటి. నాకూ ప్రాణమే, ఊరిబిండితో అయితే మరీనూ. కానీ పీచున్న ముద్ద నిదానంగా అరుగుతుంది. ముందు రాత్రి తినొచ్చు, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు తినొచ్చు. దడదడలాడే గుండెతో నడిదారిలో తింటే కడుపు తిప్పేస్తుంది. ఆ పూట పనికొచ్చేది బెల్లం ముక్క, అరటిపండు, ఉప్పేసిన చక్కెర నీళ్ళు. జెల్ పని ఇవీ చేస్తాయి. అయితే సంగటిని పొగిడేవాళ్ళు మాట్లాడేది అరుగుదల గురించి కాదు, అవ్వ గురించి. ముద్ద తిని పది మైళ్ళు నడిచిన అవ్వకు ఆ ముద్ద సరిపోయిందా? ఎవరైనా అడిగారా? అవ్వ నడిచింది నీళ్ళ కోసం, కూలి కోసం. ఆమె ఓపికను సంప్రదాయం చేసి దండ వేస్తే ఆమె ఆకలిని లెక్కవేసే పని తప్పుతుంది.

లెక్కవేయడం మన సీమకు కొత్త కాదు. 1876-78 కరువులో కర్నూలు, కడప జిల్లాలు మాడిపోతున్నప్పుడు, 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడమనిషికి అంతకంటే తక్కువ. మద్రాసు ప్రభుత్వ పారిశుధ్య కమిషనర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. కష్టం చేసే ఒంటికి కనీసం 680 గ్రాముల గింజలు, పైన పప్పూ కూరగాయలూ కావాలన్నాడు. ఆ పోట్లాట వల్ల రేషను 570 గ్రాములకు పెరిగి, కొంచెం పప్పు చేరింది. శ్రమకు ఇంధనం ఎంత అన్న ప్రశ్న ఈ నేలమీద మారథాన్ల కంటే ముందే, చావుబతుకుల ప్రశ్నగా వచ్చింది. జవాబు చెప్పినవాళ్ళలో ఆ గింజలు వండిన ఆడది ఒక్కతీ లేదు. 1866 కరువులో అంబలి పోయించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు పాటల్లో నిలిచింది, నిలవాల్సిందే. ఆ అంబలి కాచిన చేతులు ఎవరివో ఏ పాటా చెప్పదు.

మన పోషకాహార శాస్త్రం కూడా చాలాకాలం కూర్చుని పనిచేసే మగవాణ్ణి ఒక యూనిట్ అనుకుని, కూర్చుని పనిచేసే స్త్రీని 0.8 అని లెక్కకట్టింది. ఒంటి బరువులో తేడా ఉంది కాబట్టి అంకెతో నాకు తగాదా లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం స్త్రీకి తేలిక పనైతే రోజుకు 1660 కేలరీలు, బరువు పనైతే 2720 కావాలి. ఎవరి పనిని 'బరువు' గడిలో రాస్తున్నారన్నదే తగాదా. పల్లెల్లో నీళ్ళు మోయడం, కట్టెలు తేవడం, దంచడం, వండడం కలిపితే ఆడవాళ్ళు ఖర్చుపెట్టే శక్తి అనుకున్నదానికంటే చాలా ఎక్కువని శ్రీలత బాట్లివాలా 1982లోనే రాసింది. 'ఇంటిపని' అనగానే మనసులో పడే గడి ఇంకా 'తేలిక' గడే.

2006 ఫిబ్రవరిలో మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పని జాగాలో ఏముండాలో చట్టం రాసింది: తాగే నీళ్ళు, నీడ, ప్రథమచికిత్స పెట్టె. కూడు ఆ జాబితాలో లేదు. కూలి మాత్రం తవ్విన మట్టి కొలతను బట్టి. తెల్లవారకముందే నీళ్ళు పట్టి, వండి, పిల్లలకు సద్ది కట్టి, తను టీ చుక్కతో వచ్చిన మనిషి పది గంటలకు డీలా పడుతుంది. మట్టి తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, రేపటి గిన్నెలో మెతుకులూ తగ్గుతాయి. నాకు శక్తి తగ్గితే వేగం తగ్గుతుంది, అంతే. 2025 చివర్లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి. కూడు గురించిన చర్చ నా చెవిన పడలేదు.

తిండి చాలక శ్రమ ఎక్కువైన క్రీడాకారిణికి నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి 'క్రీడల్లో సాపేక్ష శక్తి లోపం' అని పేరు పెట్టారు. మంచిదే. అదే శ్రమ, అదే లోపం ఉన్న కూలి మనిషికి మనం పెట్టిన పేరు 'నీరసం'. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత, మగవాళ్ళలో 25 శాతం మందికి. నీరసం అంటే ఒక ఐరన్ మాత్ర ఇచ్చి పంపేస్తారు. శక్తి లోపం అంటే శ్రమనీ తిండినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక 'సరదా' అన్న స్నేహితురాళ్ళకు. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు అలిసిపోయారని చెప్పి ఆ పందాన్ని 1960 దాకా తీసేశారు. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి 1984లో గానీ రాలేదు. ఆడదాని ఒళ్ళు దూరానికి తట్టుకోదన్నవాళ్ళే ఆమె నెత్తిన బిందె మీద బిందె పెట్టి పంపారు. తన ఇష్టానికి అలిసిపోయే హక్కు చిన్నదేం కాదు. నేను సైకిల్ దిగను. జెల్‌ని చూసి ముఖం మాడ్చుకోను కూడా.

అలాగని మార్కెట్ చెప్పే కథా నమ్మను. ఉప్పు తోడుంటే పేగు గోడ గ్లూకోజునీ నీళ్ళనీ త్వరగా పీల్చుకుంటుందన్న జ్ఞానం ఏ కంపెనీ సొత్తూ కాదు. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనాబిస్ ఆ ఉప్పు-చక్కెర నీళ్ళతోనే కలరా రోగుల్ని బతికించాడు. శిబిరంలో పంచిపెట్టిన జ్ఞానాన్ని నాకు నూరు రూపాయలకు అమ్ముతున్నారు. పారపట్టిన ఆమెకు మళ్ళీ పంచడానికి ఏం అడ్డం?

2023లో ఈ రాష్ట్రం బడిపిల్లలకు రాగిజావ మొదలుపెట్టింది. పని జాగాలో శెనిక్కాయల చిక్కీ, బెల్లం, ఉప్పేసిన నీళ్ళు ఇవ్వడం దానికంటే కష్టమా? నీళ్ళూ నీడలాగే అది చట్టంలో ఉండాలి. దాన్ని చేసేవాళ్ళకు గౌరవ వేతనం పేరుతో చిల్లర కాదు, కూలి ఇవ్వాలి. మనం రాసే వ్యాసాల్లో 'అదృశ్య శ్రమ' అన్న మాటకు పక్కన కేలరీల అంకె కూడా వేయాలి.

ఆ తర్వాత వారం అదే దారిలో వేరుశెనగ ఉండలు మూటగట్టుకుని పోయాను. ఆమె ఒకటి తీసుకుంది. "బాగుండాయి" అంది. మళ్ళీ అంది: "ఈ పొద్దు నువ్వు పెట్టినావు. రేపు?"

నా దగ్గర జవాబు లేదు. సైకిల్ ఎక్కాను. గంటకోసారి తినాలని గుర్తుచేసే నా గడియారం ఆ పొద్దు కూడా సరిగ్గా మోగింది.