పుచ్చంతా తవ్వేయాలా?

పుచ్చు నరం దగ్గరికి వెళ్లిందని ఎక్స్‌రేలో కనబడితే చాలామంది పళ్ల డాక్టర్లు చేసేది ఒకటే. గట్టి పొర తగిలేదాకా మెత్తబడిందంతా తీసేస్తారు. క్రిముల్ని లోపల వదిలి పైన సిమెంటు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

కానీ అలా తవ్వుతూ పోతే నరమే బయటపడవచ్చు. డెన్మార్క్‌కు చెందిన లార్స్ బ్యోర్న్‌డాల్ బృందం 2010లో పెద్దల పళ్ల మీద చేసిన పరిశోధన ప్రచురించింది. పుచ్చంతా ఒకేసారి తీస్తే సుమారు 29 శాతం పళ్లలో నరం బయటపడింది. కొంత వదిలి మూసి, రెండు మూడు నెలలకు మళ్లీ తెరిచి తీస్తే 17.5 శాతం పళ్లలోనే అలా జరిగింది. అసలు రెండోసారి తెరవడమెందుకని బ్రెజిల్‌లో మరీసా మాల్ట్జ్ బృందం పరీక్షించింది. అడుగున కొంత వదిలి ఒకేసారి మూసేసిన పళ్లలో మూడేళ్లకు 91 శాతం బతికే ఉన్నాయి. రెండుసార్ల పద్ధతిలో నిలిచినవి 69 శాతం. రెండోసారి రాని వాళ్ల పళ్లే అందులో ఎక్కువ పాడయ్యాయి. మన ఊళ్లలోనూ నొప్పి తగ్గాక మళ్లీ వచ్చేవాళ్లు తక్కువే కాబట్టి ఈ సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది.

గట్టిగా మూస్తే లోపలి క్రిములకు తీపి అందదు, వాటి జోరు తగ్గుతుంది. పన్ను లోపలి నుంచి కొత్త పొర వేసుకుంటుంది. అయితే గుంట అంచులు మాత్రం చుట్టూ శుభ్రంగా, గట్టిగా ఉండి తీరాలి. ఫిల్లింగ్ అంచు దగ్గర సందు పడితే ఇంత పనీ వృథా.

అవతలి వాదననూ తోసెయ్యలేం. మెత్తని భాగం మిగిల్చితే నరం నిజంగా ఎలా ఉందో కంటికి కనబడదు. ఇప్పుడున్న సిమెంట్లతో బయటపడిన నరాన్ని కూడా కాపాడవచ్చని, కాబట్టి పుచ్చు పూర్తిగా తీయడమే మేలని అమెరికా ఎండోడాంటిస్టుల (పంటి నరం వైద్యుల) సంఘం 2021లో చెప్పింది. దానికి సూక్ష్మదర్శిని, ఖరీదైన సిమెంటు, చేయి తిరిగిన డాక్టరు కావాలి. అవి లేనిచోట కొంత వదిలి మూయడమే నయమని నా అభిప్రాయం.

ఉండుండి దానంతటదే రాత్రిళ్లు పోటు పెడుతున్నా, చిగురు వాచినా ఈ పద్ధతి వర్తించదు. చల్లటి దూది తగిలితే జివ్వుమని, తీయగానే తగ్గిపోయే పన్నయితే, రూట్ కెనాల్‌కు ఒప్పుకునే ముందు డాక్టర్ని అడగండి: అడుగున కాస్త వదిలి మూయొచ్చా? వదిలితే ఆ మాట చీటీ మీద రాయించుకోండి. తర్వాత ఎక్స్‌రేలో వదిలిన భాగం నీడ చూసి మరో డాక్టరు కొత్త పుచ్చనుకుని తవ్వకుండా ఉంటారు.