మాట తుద నున్న మాట

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో ఆంగ్లపాఠము జరుగుచుండగా వినుట మాకు తటస్థించినది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై హోమిసైడ్, పాట్రిసైడ్, మాట్రిసైడ్, ఫ్రాట్రిసైడ్, రెజిసైడ్ అని వరుసగా వ్రాసి, వాని కెదురుగా నరహత్య, పితృహత్య, మాతృహత్య, భ్రాతృహత్య, రాజహత్య అని అర్థములు వ్రాసెను. "ఒక్క మాటలో చెప్పుము" అను ప్రశ్న పరీక్షలో తప్పక వచ్చును గనుక పిల్లలందరు వానిని ఏకకంఠముగా వల్లించుచుండిరి. పండ్రెండేండ్ల పసివాండ్ర నోట ఇన్ని హత్యలు బారులుతీరి వెలువడుట వింతగనే తోచినది. అంతలో వెనుక బల్లమీది బాలు డొకడు లేచి, "మాస్టారండీ, డిసైడ్ అంటే దేన్ని చంపడమండీ?" అని అడిగెను. తరగతి గొల్లుమన్నది. "వెకిలి ప్రశ్నలు మాని కూర్చోవోయ్" అని ఉపాధ్యాయు డనెను. బాలుడు కూర్చుండెను. పాఠము సాగిపోయినది.

ఆ ప్రశ్న వెకిలిది కాదు. ఆ తరగతిలో ఆనాడు పదముల తుదను కన్నులు విప్పి చూచినవాడు ఆ బాలు డొక్కడే యని చెప్పవలసి యున్నది.

లాటిను భాషలో 'కైడెరె' అను క్రియ కలదు. నరకుట, కోయుట, చంపుట దాని యర్థములు. ఆంగ్లమున 'సైడ్' అని ముగియు హత్యాపదములన్నియు దానినుండి పుట్టినవే. (వైపు అను అర్థము నిచ్చు 'సైడ్' వేరు, తెలుగు లిపిలో ఒక్కటిగా కనబడినను ఆంగ్లమున దానిని 'ఎస్'తో వ్రాయుదురు, దీనిని 'సి'తో వ్రాయుదురు.) 'డిసైడ్' సైతము ఆ ధాతువునకే బిడ్డ. కోసి వేరుచేయుట అని దాని తొలి యర్థము. ఇటో అటో తేలని తగవును ఒక్క వేటుతో తెంచివేయుటయే నిర్ణయము. ఇది తెలుగువానికి వింత కారాదు. సంతలో ఎద్దులను కొన్నవాడు "బేరము తెగినది" అనును. మొగమాటము లేక నిశ్చయము చెప్పినవానిని "తెగేసి చెప్పినాడు" అందుము. సంస్కృతమున 'ఛిద్' అనగా కోయుట. దానినుండి వచ్చిన 'పరిచ్ఛేదము' గ్రంథభాగమునకే గాక నిర్ణయమునకును పేరైనది. మూడు భాషలు, ఒక్క కత్తి. ఆ బాలునికి ఈ రెండు మాటలు చెప్పియుండినచో అతడు జీవితాంతము ఆ పదమును మరచియుండడు.

అయితే అదే బాలుడు మరునాడు లేచి "కోఇన్సైడ్ అంటే ఎవరిని చంపడమండీ?" అని అడిగియుండవచ్చును. అప్పుడు మాత్రము అతని యూహ తప్పు. ఆ పదమున నున్నది 'కైడెరె' కాదు, 'కాడెరె'. పడుట అని దాని యర్థము. యాక్సిడెంట్, ఇన్సిడెంట్ అను పదములు ఈ వంశమువి. ఇచ్చటను తెలుగు నుడికారమే దారి చూపును. "పండుగ ఆదివారమునాడు పడినది" అని మనము అనుకొనుచునే యున్నాము గదా! రెండు సంగతులు ఒకేనాడు పడినచో అది కోఇన్సైడ్. తుది యొక్కటే యైనంతమాత్రమున కులము ఒక్కటి కాదని పిల్లవాడు ఆ పూటనే తెలిసికొనును. తప్పు ఊహకును ఇంత ఫలము గలదు.

ఈ పాఠమును పితృహత్యతోనే ప్రారంభింపవలసిన యగత్య మేమి? మన పల్లెపిల్లల యిండ్లలో పొలమునకు కొట్టు మందుల డబ్బా లున్నవి. వానిపై ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్ అని పెద్దయక్షరములలో ముద్రించి యుండును. మొదటిది పురుగుమందు, రెండవది తెగులుమందు, మూడవది కలుపుమందు. తెలుగువాడు మూడింటిని 'మందు' అని మెత్తగా పిలిచినాడు. లాటిను నిర్మొగమాటముగా 'చంపునది' అన్నది. పదము తుదను చదువనేర్చిన బాలునికి డబ్బామీది పేరే యొక హెచ్చరిక యగును.

పరీక్షల గైడులలోని పొరపాటును ఈ డబ్బాయే పట్టి యిచ్చును. 'సైడ్' అనగా హత్య అని గైడు చెప్పును. ఆ లెక్కను పెస్టిసైడ్ అనగా పురుగుల హత్య కావలెను. కాని అది హత్య కాదు, చంపెడు పదార్థము. లాటినులో చంపువానికి ఒక ప్రత్యయము, చంపుటకు వేరొక ప్రత్యయము ఉండెడివి. ఆంగ్లమునకు వచ్చునప్పటికి రెండును అరిగి ఒకే రూపమైనవి. అందుచేతనే రెజిసైడ్ అను పదము రాజును చంపుటకును, చంపినవానికిని చెల్లుచున్నది. 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెసునకు మరణశిక్ష విధించు పత్రముపై చేవ్రాళ్లు చేసిన 59 మందిని చరిత్రకారులు రెజిసైడు లనియే పిలుతురు.

ఈ ప్రత్యయముతో కట్టిన పదములలో మిక్కిలి బరువైనది మన యెరుకలోని కాలమునకు చెందినది. రెండవ ప్రపంచయుద్ధమున నాజీలు ఐరోపాలో జాతులకు జాతులనే తుడిచివేయ బూనినప్పుడు, ఆ ఘోరమునకు న్యాయశాస్త్రమున పేరే లేకుండెను. పోలండు దేశపు యూదు న్యాయవాది రాఫెయల్ లెమ్కిన్ 1944లో వెలువరించిన గ్రంథమున జాతి యను అర్థముగల గ్రీకుపదము 'గెనొస్'నకు లాటిను 'సైడ్'ను జోడించి 'జెనొసైడ్' అను మాటను సృష్టించెను. ఆయన బంధువులలో అనేకులు ఆ మారణహోమముననే హతులైరి. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆ నేరమును గూర్చి ఒడంబడిక నంగీకరించినది. భారతదేశము 1959లో దానిని ధ్రువీకరించినది. గ్రీకును లాటినును ముడివేయుట వ్యాకరణవేత్తలకు రుచింపదు. టెలివిజన్ అను పదము నట్టి సంకరమే. కాని పేరు లేని నేరమునకు పేరు పెట్టవలసివచ్చినప్పుడు లెమ్కిన్ పాత ప్రత్యయమునే ఆశ్రయించుట గమనింపదగినది. తుద నున్న ఆ చిన్నమాటను చూచినంతనే, పదమును మున్నెన్నడు వినని వానికి సైతము అది హత్య యని తెలియును.

మన బాలురకు ఈ పద్ధతి పరాయిది కాదు. కృతజ్ఞుడు, కృతఘ్నుడు అను జంటను తెలుగు ఉపాధ్యాయుడు చిన్నతరగతులలోనే చెప్పుచున్నాడు. చేసిన మేలు నెరిగినవాడు మొదటివాడు. దానిని చంపినవాడు రెండవవాడు. శత్రుఘ్నునిలోను, వైద్యగ్రంథముల క్రిమిఘ్నములోను ఉన్నది ఆ 'ఘ్న'మే. లాటిను 'సైడ్'నకు మన యింటి జోడు. ఆంగ్లోపాధ్యాయుడును తెలుగు ఉపాధ్యాయుడును ఒకే విశ్రాంతిగదిలో కూర్చుండి కాఫీ త్రాగుచుందురు; ఈ సంగతి మాత్రము వారి నడుమ ప్రస్తావనకు వచ్చునో రాదో!

మోసపుచ్చు తుదలును మనకు కొదువ లేవు. మురారి అనగా మురాసురునకు శత్రువు. కంసారి అనగా కంసునకు శత్రువు. ఆ వరుసను పూజారి పూజకు శత్రువా? నేర్పరి నేర్పునకు విరోధియా? సంస్కృతపు 'అరి' వేరు, తెలుగు 'అరి' వేరు. ఈ చమత్కారమునకు నవ్విన బాలుడు కోఇన్సైడ్ వద్ద తొట్రుపడడు.

'లజీ' అను తుది విషయమున గైడుల బోధ మరింత చిక్కు తెచ్చిపెట్టుచున్నది. బయాలజీ జీవశాస్త్రము, జియాలజీ భూగర్భశాస్త్రము, సైకాలజీ మనశ్శాస్త్రము. కాబట్టి లజీ యనగా శాస్త్రము అని సూత్రము. మరి అపాలజీ ఏ శాస్త్రము? ట్రిలజీ ఏ శాస్త్రము? గ్రీకున 'లొగొస్' అనగా మొదట మాట. పిమ్మట ప్రసంగము, విచారము, హేతువు. ఒక విషయమును గూర్చి క్రమముగా చెప్పిన మాట శాస్త్రమైనది. బయాలజీ అను పేరు సైతము మనము తలచునంత పురాతనము కాదు. 1802లో ఫ్రాన్సున లామార్క్, జర్మనీలో ట్రెవిరానుస్ ఎవరికి వారే దానిని నేటి యర్థమున ప్రయోగించిరి. అపాలజీ అనగా గ్రీకున ఆరోపణకు బదులుగా చెప్పుకొను సమాధానము. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానమున సోక్రటీసు చేసిన వాదమును ప్లేటో ఆ పేరిటనే గ్రంథస్థము చేసెను; ఆ గ్రంథమున సోక్రటీసు ఎవరిని క్షమాపణ వేడలేదు. ఈనాటి యర్థముతో ఆ పేరును చదివినవాడు ఆ మహనీయుని తలవంచినవానిగా భ్రమపడును.

ఆంథాలజీ మరియు ముచ్చటైనది. 'ఆంథొస్' అనగా పువ్వు. తుద నున్నది 'లెగెయిన్' అను క్రియయొక్క 'ఏరుట' అను పాత యర్థము. పూలను ఏరి కూర్చుట ఆంథాలజీ. క్రీ.పూ. మొదటి శతాబ్దిలో మెలియాగర్ అను గ్రీకు కవి, పూర్వుల పద్యముల నేర్చి కూర్చి, ఒక్కొక్క కవిని ఒక్కొక్క పువ్వుతో పోల్చి, సంకలనమునకు 'దండ' యని పేరిడెను. కవితాసంకలనములకు మంజరి యనియు కుసుమావళి యనియు పేర్లు పెట్టుకొను తెలుగువారికి ఇంతకన్న వ్యాఖ్య యేల?

జనులు తుదలను తప్పుగా కోసికొనుటయు కలదు. హెలికాప్టరులో అసలు అతుకు హెలికో, ప్టర్ అను వాని నడుమ నున్నది. చుట్టగా తిరుగునది మొదటిది, రెక్క రెండవది. లోకము దానిని హెలి, కాప్టర్ అని నరికి హెలిపాడ్‌ను పుట్టించినది. హాంబర్గర్ అనగా హాంబర్గు నగరమునకు చెందినది. దానినుండి బర్గర్ తెగివచ్చి నేడు మన బజారులలో కూరగాయలతో సైతము అమ్ముడగుచున్నది. 1972లో వాషింగ్టనున వాటర్‌గేట్ అను భవనసముదాయమున జరిగిన దొంగచొరబాటు, రెండేండ్లకు అధ్యక్షుడు నిక్సన్ పదవిని హరించినది. అది మొదలు 'గేట్' అను తుదికి అపకీర్తి యను అర్థము అంటుకొన్నది. తమిళనాట ఆలయములకు పేరుగన్న యొక యూరి పేరు మన పత్రికలలో ఏ యర్థమున వాడబడుచున్నదో పాఠకులకు చెప్పనక్కర లేదు.

పాఠశాలల యందు చేయదగిన దేమి? ప్రశ్నపత్రము మారనిదే పాఠము మారదు. 'వెర్మిస్' అనగా నులిపురుగు అని చెప్పి, 'వెర్మిసైడ్' అర్థమును ఊహించి, ఆ యూహకు కారణము వ్రాయుమని ఒక్క ప్రశ్న యిచ్చి చూడుడు. మార్కులు సగము కారణమునకే ఈయవలెను. గైడులో లేని పదమైనందున బట్టీపట్టుటకు వీలుండదు. ఇక ఉపాధ్యాయుని విషయము. ప్రతి పదముయొక్క పుట్టుక ఆయనకు కంఠస్థమై యుండవలెనని ఎవరు కోరుదురు? "తెలియదు, చూతము రమ్ము" అని బాలునితో అనగలిగిన చాలును. చూచుటకు మాత్రము నిఘంటువు కావలెను. పిల్లలు కొను చిన్న నిఘంటువులలో పదముల పుట్టుక తరచుగా ఉండదు. 1884లో తొలిభాగము వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు ప్రతి పాఠశాలకు అందునది కాకపోవచ్చును. పదము పుట్టుకను తెలుపు మధ్యతరగతి నిఘంటువు ఒక్కటి కొనుట ఏ పాఠశాలకును మించిన భారము కాదు. కొన్న దానిని ప్రధానోపాధ్యాయుని గది బీరువాలో తాళము వేసి యుంచక, తరగతి బల్లమీద వెనుక వరుస బాలునికి సైతము అందునట్లు ఉంచవలెను.