మొక్కించుకునేదే విగ్రహం

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి ప్రభుత్వం దీన్ని శ్రీ విజయపురం అంటోంది) ఒక ఆదివారం సాయంకాలం తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక. ఆ రోజు వాక్యం నిర్గమకాండము 20వ అధ్యాయం, రెండో ఆజ్ఞ. దైవసేవకుడు గంటసేపు విగ్రహారాధన గురించి చెప్పారు. గుళ్ళ గురించి, పొరుగింటి పండగల గురించి, చివరికి నికోబారీల పాత కొయ్య బొమ్మల గురించి కూడా. కూడిక అయ్యాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "అమ్మా, మా అబ్బాయికి సంబంధం చూస్తున్నాం. పిల్ల మంచి విశ్వాసి అయితే చాలు" అన్నారు. కాస్త ఆగి, "మనవాళ్ళే అయితే ఇంకా మంచిది" అని కలిపారు.

గంట ప్రసంగంలో ఎక్కడా రాని విగ్రహం ఆ ఒక్క మాటలో బయటపడింది.

బైబిల్లో విగ్రహం అంటే రాయీ, కొయ్యా అనే అనుకుంటాం. కానీ ఆ ఆజ్ఞ ఎవరికి అందిందో చూడండి. ఐగుప్తులో ఇటుకలు కోసి కోసి, అప్పుడే బయటపడిన బానిసలకు. బానిసత్వం నుంచి విడిపించిన సంగతిని గుర్తు చేశాకే పది ఆజ్ఞలు మొదలవుతాయి. అంటే, చేతులతో చేసిన దేనికీ ఇక సాగిలపడవద్దన్న మాట, విడుదల పొందిన మనుషులు మళ్ళీ బానిసలు కాకూడదన్న మాట. యెషయా 44వ అధ్యాయంలో వడ్రంగిని వెక్కిరించేదీ ఇందుకే. అతను చెట్టు నరికి సగం పొయ్యిలో పెట్టుకుంటాడు, మిగిలిన సగాన్ని చెక్కి దాని ముందే కాపాడమని వేడుకుంటాడు. తప్పు కొయ్యది కాదు. దాన్ని తానే చేశానన్న సంగతి మరిచిపోవడం అతని తప్పు. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ధనాపేక్షనే విగ్రహారాధన అన్నాడు. అక్కడ రాయీ లేదు, కొయ్యా లేదు.

ఈ లెక్కన మనుషులు చేసినదై ఉండి, చేసిన సంగతి మరిపించి, మనుషులను మొక్కించుకునేదే విగ్రహం. మన దేశంలో ఈ మూడూ సరిగ్గా సరిపోయేది కులానికే.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. మాది ఒంగోలు వైపు మాదిగ బాప్టిస్టు కుటుంబం. యర్రగుంట్ల పేరయ్య మొదలుపెట్టిన దారిలో, మిషనరీ క్లౌ కాలంలో, ఆ ప్రాంతపు మాదిగలు వేల సంఖ్యలో క్రైస్తవులయ్యారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి మతం నియమాల్లాగే ఉంటాయి. పల్లెలో మాత్రం ఆ మూడూ వెట్టిని నిరాకరించడమే. ఆదివారం పనికి రానంటే ఆసామికి ఎదురు చెప్పినట్టు. చచ్చిన గొడ్డు ముట్టనంటే అంటరానితనపు గుర్తును తుడిచేసినట్టు. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు కొట్టనన్నట్టు.

మా ముత్తాత డప్పు కొట్టనన్న ఏడాది ఊళ్ళో ఎవరూ ఆయన్ని కూలికి పిలవలేదని మా నాయనమ్మ చెప్పేది. దానియేలు గ్రంథంలో నెబుకద్నెజరు బంగారు ప్రతిమ కథ చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. వాద్యాలు మోగగానే అందరూ సాగిలపడాలి, పడనివాళ్ళకు అగ్నిగుండం. మా వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. ఇక్కడ ఆ వాద్యం మోగించాల్సిందీ వాళ్ళే, దూరంగా నిలబడాల్సిందీ వాళ్ళే.

అలాగని వేపచెట్టు కింద పోలేరమ్మ రాయిని నేను తిట్టను. బిడ్డకు అమ్మవారు పోస్తే మా అమ్మమ్మల అమ్మమ్మలు ఆ రాయితోనే కష్టం చెప్పుకున్నారు. అదే రాయి పేరు చెప్పి ఊరు వాళ్ళచేత వెట్టి చేయించుకుంది. రాయి ఒక్కటే, దాని చుట్టూ ఉన్న పెత్తనమే విగ్రహం.

ఈ తేడా నాకు ఇంకా స్పష్టంగా చెప్పింది నా విద్యార్థిని. ఆమె నికోబారీ, క్రైస్తవురాలు. తరగతిలో ఒక రోజు 'కరేయావ్' అనే నికోబారీ కొయ్య ప్రతిమ ఫొటో చూపించాను. బ్రిటిష్ అధికారులు వీటికి దయ్యాలను బెదిరించే బొమ్మలని పేరు పెట్టారు. "మేడం, ఇది ఇంటికి కాపలా. జబ్బు తెచ్చే ఆత్మలను భయపెట్టడానికి పెట్టేవాళ్ళు. పని చేయకపోతే అడవిలో పారేసేవాళ్ళట" అందామె. తరగతి నవ్వింది, నేను నవ్వలేకపోయాను. పని చేయని బొమ్మను వాళ్ళు పారేశారు. మూడు వేల ఏళ్ళు మనుషులను చంపిన కులాన్ని మనం పెళ్ళిచూపుల దాకా మోసుకొచ్చాం, సముద్రం దాటించి మరీ. పైగా బొమ్మ చేసుకున్నవాళ్ళను విగ్రహారాధికులంటున్నాం.

"అండమాన్‌లో కులం లేదు" అని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు. ఈ దీవుల్లో షెడ్యూల్డ్ కులాల జాబితానే లేదన్నది నిజం. శ్రీకాకుళం నుంచో, ప్రకాశం నుంచో వచ్చిన దళితుడికి ఇక్కడి జాబితాలో కులం ఉండదు, సంబంధాల దగ్గర మాత్రం ఉంటుంది. కాగితం మీద కులం లేదు కాబట్టి మనుషుల్లోనూ లేదనుకోవడం మరో విగ్రహం.

చట్టం కూడా ఎవరికి మొక్కుతున్నావని అడుగుతుంది. కార్ నికోబార్‌లో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్ కొత్త నిబంధనను నికోబారీలోకి అనువదించారు, బిషప్ అయ్యారు, 1952లో లోక్‌సభకు నామినేట్ అయ్యారు. క్రైస్తవులైనా నికోబారీలు షెడ్యూల్డ్ తెగగానే ఉన్నారు. అలాగే ఉండాలి కూడా. కానీ 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా హిందువులకే ఆ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్న మాదిగను ఊరు మాదిగగానే చూస్తుంది, రాజ్యం మాత్రం చూడనంటుంది. ఈ పేరా పోవాలి. కానీ "మాలో కులం లేదు" అని వేదిక మీద చెప్పి, క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ అంటూ పెళ్ళి ప్రకటనలిచ్చే సంఘాలు ఆ పోరాటంలో ఏ ముఖంతో నిలబడతాయి?

ఇక మన వైపు చూసుకుందాం. అంబేద్కర్ విగ్రహం కూడా విగ్రహమే కదా అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. పేటలో నిలబడ్డ ఆ విగ్రహం ఎవరినీ మొక్కమనదు. తల వంచుకుని నడిచినవాళ్ళను తలెత్తమంటుంది. అందుకే దానికి చెప్పుల దండలు పడతాయి. కానీ బైబిల్లోనే ఒక హెచ్చరిక ఉంది. పాము కాటుకు మోషే ఎత్తిన ఇత్తడి సర్పం అప్పట్లో ప్రాణాలు కాపాడింది. తరాలు గడిచాక జనం దానికే ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. బాబాసాహెబ్ 1943లో రానడే, గాంధీ, జిన్నాలపై చేసిన ప్రసంగానికి ముందుమాట రాస్తూ, తాను విగ్రహాలను పూజించేవాడిని కాదు, పగలగొట్టేవాడినన్నారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికే దారి తీస్తుందని హెచ్చరించారు. ఏప్రిల్ 14న దండ వేసి, ఏడాదంతా ఆయన పుస్తకం తెరవకపోతే మనం కూడా ఇత్తడి సర్పానికి ధూపం వేస్తున్నట్టే.

1956లో నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో దేవుళ్ళను పూజించననే మాట పక్కనే మనుషులందరూ సమానమనే మాట కూడా ఉంది. రెండోది లేని మొదటిది ఉత్త మతం మార్పిడి.

ఆ పెద్దాయనకు ఆ సాయంకాలం నేనేమీ చెప్పలేదు. పై ఆదివారం ఆయన మళ్ళీ అడిగారు. "సంబంధం ఉందండీ. పిల్ల మంచి విశ్వాసి. మనవాళ్ళు కాదు" అన్నాను. "ఇంట్లో మాట్లాడి చెప్తానమ్మా" అన్నారు. ఆయన జవాబు కోసం ఇంకా చూస్తున్నాను.