ఫోనులో ప్రపంచ చరిత్ర, గుత్తి దగ్గర ఎర్రగుడి



ఈ మధ్య మా బెళుగుప్ప ప్రాంతపు విశ్వాసుల ఇండ్లలో ఒక క్రొత్త ప్రశ్న వినబడుతున్నది. ఫోనులో ప్రపంచ చరిత్ర నేర్పే క్రైస్తవ తరగతులున్నాయట, పిల్లలను చేర్చవచ్చునా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. 2020లో బడులు మూతబడినప్పుడు అప్పు చేసి కొన్న ఫోన్లు చాలా ఇండ్లలో ఉన్నాయి. వేరుశనగ చేతికి రాని ఏడు తండ్రి బెంగళూరుకు కూలికి పోతాడు, ఆ ఫోనూ ఆయనతో పోతుంది. మిగిలిన ఒక్క ఫోనుతో అక్కా తమ్ముడూ పోట్లాడుకోవలసినదే. ఇటువంటి ఇంట్లో నెలకింత అని ఫీజు కట్టేముందు అడగడము మంచిదే.

అమెరికాలో పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకొనే క్రైస్తవ కుటుంబములు ఎన్నో ఉన్నాయి. ఇటువంటి తరగతులు మొదట వారికోసము ఏర్పడినవి. అందుచేత ఫీజు డాలర్లలో ఉంటుంది, వేళలు కూడా అక్కడివే. న్యూయార్కులో రాత్రి 8 గంటలయితే మనకు తెల్లవారి ఐదున్నర లేక ఆరున్నర. నీళ్ళకు పోయేదీ, పశువులకు మేత వేసేదీ ఆ వేళలోనే. ముందుగా తీసి పెట్టిన పాఠములయితే ఎప్పుడైనా చూచుకోవచ్చు. అయితే మా అభ్యంతరము వేళను గూర్చి కాదు.

ఒక కుటుంబము మాకు చూపించిన పాఠముల వరుసను చదివాము. సృష్టి, ఐగుప్తు, ఇశ్రాయేలు, గ్రీకులు, రోమా, 1517లో లూథరు, 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాకు వెళ్ళిన భక్తులు. అందులో భారతదేశము మొట్టమొదట కనిపించినది 1793లో, విలియం కేరీ కలకత్తాలో దిగినప్పుడు! ఆ పాఠములలో అబద్ధము లేదు. కాని అవి మాత్రమే చదివిన బిడ్డ, దేవుడు ఈ మెట్టనేలను 1793 తరువాతనే చూచాడని అనుకుంటుంది. పదవ తరగతి చదివే ఒక అమ్మాయి, "అయ్యగారూ, బైబిలులో మన దేశము ఉన్నదా?" అని మమ్మును అడిగినది. ఎస్తేరు గ్రంథము మొదటి వచనము తీసి చూపించాము. అహష్వేరోషు రాజ్యపు సరిహద్దుగా మన దేశము పేరు అక్కడ ఉన్నది.

అంతకంటె దగ్గర సాక్ష్యము మరొకటి ఉన్నది. బెళుగుప్ప నుండి ఉరవకొండ, గుంతకల్లు మీదుగా గుత్తికి పోయి, అక్కడ పత్తికొండ దారి పట్టితే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండరాళ్ళమీద అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు ఉన్నవి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటిని గుర్తించేవరకు అవి ఏమిటో లోకమునకు తెలియదు. లిపి బ్రాహ్మి. ఒక శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, వాటి ప్రక్కవి కుడినుండి ఎడమకు సాగుతాయి. మడక దున్నే ఎద్దులు సాలు చివర మళ్ళుకొన్నట్లు! మన రైతు బిడ్డలకు ఇది చెప్పగానే అర్థమవుతుంది, పట్టణపు పంతులుకు బొమ్మ గీసి చూపవలసి వస్తుంది.

అశోకుని పదమూడవ శాసనములో కళింగ యుద్ధమును గూర్చి ఉన్నది. లక్షమంది చంపబడిరి, లక్షన్నరమంది చెరగా కొనిపోబడిరి, ఇంకా ఎందరో చనిపోయిరి అని ఆ రాజే చెప్పి, తాను దుఃఖించినట్లు వ్రాయించినాడు. తరువాత సరిహద్దుల అవతల ఏలుచున్న ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు వస్తాయి. అందులో ఒకరు అంతియొకు, ఒకరు టాలమీ. సిరియాను ఏలిన రెండవ అంతియొకు, ఐగుప్తును ఏలిన రెండవ టాలమీ వీరేనని చరిత్రకారులలో ఎక్కువమంది చెబుతారు. ఈ అంతియొకు తాత సెలూకసు, అశోకుని తాత చంద్రగుప్తునితో సంధి చేసికొని 500 ఏనుగులను పుచ్చుకొన్నాడు. ఆ సెలూకసు తన తండ్రి పేరున కట్టించిన పట్టణమే అంతియొకయ. శిష్యులు మొదట క్రైస్తవులనబడినది అక్కడనే అని మనకు తెలుసు.

ఇప్పుడు దానియేలు గ్రంథము 11వ అధ్యాయము 6వ వచనము తీయండి. దక్షిణదేశపు రాజు కుమార్తె సంధికొరకు ఉత్తరదేశపు రాజునొద్దకు పోవుట, ఆ సంధి నిలువకపోవుట అక్కడ చదువుతాము. క్రీస్తుశకము 5వ శతాబ్దపు జెరోము మొదలుకొని వ్యాఖ్యాతలు ఎందరో దీనిని టాలమీ కుమార్తె బెరెనీకేను గూర్చినదని వివరించారు. అంతియొకు మొదటి భార్య లవొదికేను విడిచి బెరెనీకేను పెండ్లాడినాడు. మామ చనిపోగానే మళ్ళీ మొదటి భార్యయొద్దకు పోయినాడు. క్రీ.పూ. 246లో అతడు చనిపోయినాడు, బెరెనీకే, ఆమె బిడ్డ చంపబడ్డారు. హెబ్రీ లేఖనములు గ్రీకు భాషలోనికి తర్జుమా కావడము ఈ టాలమీ కాలములోనే మొదలయినదని యూదుల పారంపర్యము. పౌలు తన పత్రికలలో ఆ తర్జుమానుండే తరచుగా ఎత్తి వ్రాశాడు.

అనగా దానియేలు గ్రంథపు వ్యాఖ్యానములో కనబడే ఇద్దరు రాజుల పేర్లు, బస్సులో పోయి చూచి రాగలిగినంత దూరములో రాతిమీద ఉన్నవి. ఈ సంగతి చెప్పక నేరుగా రోమాకు తీసికొనిపోయే పంతులుకు ఎందుకు ఫీజు కట్టాలి?

బౌద్ధుడైన రాజు వ్రాయించినది సంఘములో ఎందుకు అని కొందరు పెద్దలు గొణిగారు. కోరెషు యెహోవాను ఎరుగనివాడే గదా! యెషయా 45వ అధ్యాయములో దేవుడు అతనిని ఏమని పిలిచాడో వారే చదువుకోవాలని మనవి.

మరొక సంగతి. క్రైస్తవ దృష్టితో చరిత్ర అంటే క్రైస్తవుల మంచి మాత్రమే చెప్పుట అని కొన్ని తరగతులవారు అనుకొంటున్నట్లున్నది. దావీదు పాపమును దాచని గ్రంథము మనది. మన పెద్దల నోట ఇంకా వినిపించే ధాత కరవునే తీసికోండి. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాష్ట్రములో లక్షల ప్రాణాలు పోయాయి. మన అనంతపురము అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది, 1882లో గాని వేరు కాలేదు. బాగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ నెలలోనే వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనిలో రాళ్ళు కొట్టే మగవానికి రోజుకు 1 పౌను ధాన్యము, 1 అణా చాలునని నిర్ణయించాడు. 1 పౌను అంటే అరకిలోకంటె తక్కువ. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్, ఇది చాలదు, మనుష్యులు చనిపోతారు అని వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. తగ్గించినవాడూ, ఎదిరించినవాడూ ఒకే రాణి ఉద్యోగులు.

ఆ కరవులోనే ఒంగోలు మిషనరీ క్లఫ్ దొర బకింగ్‌హాం కాలువలో కొంత పని కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. సహాయము పంచుతున్నంత కాలము బాప్తిస్మము ఇవ్వలేదు, గంజికోసము కలిశారనే మాట రాకూడదని. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బిడ్డకు టెంపుల్ సంగతి చెప్పకుండా క్లఫ్ సంగతి మాత్రము చెప్పితే, రేపు బడిలో ఎవరో ఆ మొదటి సగము చెబుతారు. అప్పుడు మనము చెప్పిన రెండవ సగము కూడా ఆ బిడ్డ నమ్మదు.

కాబట్టి చేర్చకూడదని మేము చెప్పడము లేదు. బడిలో ఫ్రెంచి విప్లవము బట్టీ పట్టే పిల్లలకు, ప్రశ్నలు అడిగించే పంతులు ఫోనులో దొరికితే ఆయన ఎక్కడివాడైనా మేలే. ఫీజు కట్టకముందు ఒక పాఠము ఊరికే వినిపించమని అడగండి. ఆ పంతులును మీ బిడ్డ చేతనే రెండు ప్రశ్నలు అడిగించండి: ఇది మీకెలా తెలిసింది, ఆ కాలములో మా వైపు ఏమి జరుగుతున్నది? విసుగుకొంటే డబ్బు మిగిలినట్లే. తెలియదు, కనుక్కొని చెబుతానంటే చేర్చండి.

ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఫీజు కూడా అవసరము లేదు. మా సంఘములో ఆదివారము ఆరాధన తరువాత ఒక ఫోను చుట్టూ ఎనిమిదిమంది కూర్చుంటారు. సిగ్నలు బాగున్నచోట ముందుగానే పాఠము దింపుకొని వస్తాము, మధ్యమధ్య ఆపి గోడమీది పటములో ఊళ్ళు వెదికిస్తాము. అంతియొకయ దొరకడానికి మొన్న చాలాసేపు పట్టింది. వేరుశనగ కోతలయిన తరువాత ఎర్రగుడికి ప్రయాణము. ఛార్జీలు సంఘపు పెట్టెనుండి, సద్ది ఎవరిది వారు తెచ్చుకోవాలి.