మీరెవరండీ?

మన గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనిపిస్తే ముందు "ఏ ఊరండీ?" అంటాం. తర్వాత "ఇంటిపేరేంటండీ?" అంటాం. అసలు కావాల్సింది మూడోది. దాన్ని కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. "ఇంతకీ మీరెవరండీ?" అడుగుతున్నది కులం గురించేనని ఇద్దరికీ తెలుసు.

కాకినాడలో పెరిగిన సుజాత గిడ్లకి ఈ ప్రశ్న బరువు చిన్నప్పుడే తెలిసింది. వాళ్లది దళిత క్రైస్తవ కుటుంబం. అమ్మా నాన్నా ఇద్దరూ లెక్చరర్లే. అయినా ఊళ్లో చిన్నచూపు తప్పలేదు. క్రైస్తవులం కాబట్టే మనల్నిలా చూస్తున్నారని ఆమె అనుకునేవారట. డబ్బూ, పై కులం హోదా ఉన్న క్రైస్తవులు కూడా ఉంటారని తర్వాతెప్పుడో తెలిసి ఆశ్చర్యపోయారు.

వరంగల్ ఆర్ఈసీలో చదివి, మద్రాసు ఐఐటీలో పనిచేసి, 26 ఏళ్లకి అమెరికా వెళ్లారు. అక్కడివాళ్లకి ఆమె ఒంటి రంగు కనిపించింది గానీ కులం కనిపించలేదు. ఇంటి సంగతులు చెబుతుంటే విన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. ఇక్కడ రోజూ ఉండే బతుకే అక్కడ కథయింది.

దాంతో "మనమెవరం?" అని ఆమె సొంత ఇంట్లోనే అడగడం మొదలుపెట్టారు. అమ్మ మంజులని అడిగారు. మేనమామ కె.జి. సత్యమూర్తిని అడిగారు. శివసాగర్ పేరుతో కవిత్వం రాసింది ఆయనే. 1980లో పీపుల్స్‌వార్ పెట్టినవాళ్లలో ఒకరు, పార్టీలో కులం గురించి మాట్లాడి బయటికి రావాల్సి వచ్చిన మనిషి. 2012లో ఆయన పోయారు. అప్పటిదాకా ఆగి ఉంటే ఆయన కబుర్లన్నీ ఆయనతోనే పోయేవి.

ఆ మాటలన్నీ 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' అనే పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఆమె న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరు. బ్యాంకు ఉద్యోగం పోయాక చేరిన పని అది. పుస్తకంలో మేనమామ ఉద్యమం ఎంత ఉందో, అమ్మ అత్తింట్లో పడ్డ కష్టమూ అంత ఉంది.

చైనీస్ అమెరికన్ రచయిత్రి ఎమీ టాన్‌దీ ఇంచుమించు ఇదే దారి. వాళ్లమ్మ మొదటి పెళ్లిలో పుట్టిన ముగ్గురు కూతుళ్లని చైనాలో వదిలి అమెరికా వచ్చింది. 1987లో ఎమీ అమ్మతో కలిసి చైనా వెళ్లి, ఆ అక్కల్ని కలిశారు. రెండేళ్లకి 'ది జాయ్ లక్ క్లబ్' నవల వచ్చింది. ఎమీ అమ్మ కథని నవలగా మలిచారు. సుజాత మాత్రం పేర్లతో సహా ఉన్నదున్నట్టు రాశారు.

మన ఫోన్లలో అమ్మమ్మ ఫొటోలు బోలెడుంటాయి. ఆవిడ గొంతు ఎంతమంది దగ్గరుంది? ఈసారి ఇంటికెళ్లినప్పుడు రికార్డర్ ఆన్ చేస్తున్నానని చెప్పి మరీ అడగండి. బడి ఎందుకు మానేశావు? ఎవరింటి గుమ్మం దగ్గర ఆగిపోయావు? లేదా, మన గుమ్మం దగ్గర ఎవర్ని ఆపేవాళ్లం?

"అవన్నీ ఇప్పుడెందుకురా" అని ఆవిడ మాట దాటేస్తే లేచిపోకండి. కాసేపు అక్కడే కూర్చోండి.