దాచిన చీర ఎవరిది?

పోయిన ఏడాది ఎండాకాలంలో ఇటిక్యాల మండలంలోని ఒక ఊళ్ళో మా సంఘం మీటింగు జరిగింది. పొదుపు లెక్కలు అయిపోయాక, వెనక కూర్చున్న ఇరవై రెండేళ్ళ పిల్ల లేచి నిలబడింది. పెళ్ళయి మూడేళ్ళు. మాట్లాడడానికి చాలాసేపు తటపటాయించింది.

"అక్కా, నా పదోతరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ కార్డు, బ్యాంకు బుక్కు అన్నీ మా అత్త పెట్టెల పెట్టి తాళం ఏసింది. అంగన్‌వాడీల ఆయా పోస్టు పడ్డది, పెట్టుకుంటనంటే ఇస్తలేరు. ‘కాయితాలు చేతికిస్తే యాడికన్న పోతవు’ అంటున్నరు" అంది.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దమ్మ ఒకామె, "జగదేకవీరుని కథల చీర దాసినట్టు దాసిండ్రు గద బిడ్డా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు.

ఇంటికి వచ్చాక ఆ నవ్వు నన్ను వదల్లేదు. నేనెందుకు నవ్వాను? అంత సులువుగా మా అందరికీ ఆ సినిమా ఎందుకు గుర్తొచ్చింది? ఆడమనిషిని కట్టి పడేసే ఒక పద్ధతి మా కళ్ళ ముందు నిలబడితే, మాకది చిన్ననాటి సంతోషంలాగా ఎందుకు అనిపించింది?

‘జగదేకవీరుని కథ’ 1961లో వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం, మార్కస్ బార్ట్‌లే కెమెరా. నేను పుట్టకముందే వచ్చిన సినిమా అది. నేను చూసింది పదేళ్ళ వయసులో, ఊరి బయట డేరా వేసిన టూరింగ్ టాకీసులో, నేల టికెట్టు మీద, అమ్మ పక్కన కూర్చుని. దేవకన్యలు ఆకాశంలోంచి దిగుతుంటే నోరు తెరుచుకుని చూశాను. తర్వాత ఎన్నో రోజులు, అమ్మ ఆరేసిన చీర భుజాల మీద వేసుకుని, అరుగు మీది నుంచి దూకి ఎగురుతున్నాననుకునేదాన్ని. ఆ ఆటలో నేను ఎప్పుడూ దేవకన్యనే. చీర పోగొట్టుకున్న దేవకన్యను మాత్రం ఎప్పుడూ కాలేదు.

మీటింగు అయిన వారానికి ఆ సినిమా మళ్ళీ చూశాను. పాటలు ఇప్పటికీ అంతే బాగున్నాయి. హాస్యం అంతే బాగుంది. సి.ఎస్.ఆర్. మంత్రిగా మాట్లాడుతుంటే ఇప్పుడూ నవ్వొచ్చింది. కాని కథ? కథ వేరేగా కనిపించింది.

కథ ఏమిటో ఒకసారి నిదానంగా చెప్పుకుందాం. ఉదయగిరి యువరాజు ప్రతాపుడికి ఒక కల వస్తుంది. నలుగురు దేవకన్యల్ని పెళ్ళాడినట్టు కల. కల నిజం చేసుకోవాలని బయల్దేరతాడు. ఒక కొలను దగ్గర ఇంద్రుడి కూతురు జయంతి చెలికత్తెలతో జలకాలాడుతుంటే చూస్తాడు. ఆమెకు కోపం వస్తుంది. అతన్ని శిలగా మార్చేస్తుంది. అతని తల్లి మొర పెట్టుకుంటుంది, పార్వతీదేవి కరుణిస్తుంది, శిల మళ్ళీ మనిషి అవుతుంది. జయంతి చీర చేజిక్కించుకుంటే ఆమె అతన్ని పెళ్ళాడక తప్పదు. అతను చీర తీసుకుంటాడు. పెళ్ళి అవుతుంది. చీర దాచేస్తారు. అది చేతికి వస్తే ఆమె తన లోకానికి వెళ్ళిపోతుంది కాబట్టి.

ఈ కథలో జయంతి ‘వద్దు’ అని చెప్పలేదా? చెప్పింది. చాలా గట్టిగా చెప్పింది. శిల చేయడం కన్నా గట్టిగా ఇంకెలా చెప్పాలి? కాని ఆమె చెప్పిన ‘వద్దు’ రద్దయిపోయింది. ఇంకో ఆడదాని మొర విని, మరో దేవత దాన్ని రద్దు చేసింది. తల్లి ప్రేమ, దేవత కరుణ, కొడుకు ముచ్చట అన్నీ ఒక వైపు నిలబడ్డాయి. అటువైపు కొలనులో నిలబడ్డ ఆడపిల్ల ఒంటరి. పదేళ్ళ వయసులో నేను శిల మనిషి అయినందుకు చప్పట్లు కొట్టాను. నా పక్కన అమ్మ కూడా కొట్టింది.

ఇక విలన్ సంగతి. త్రిశోక మహారాజుగా రాజనాల. జయంతిని చూసి మోహపడతాడు. ఆమె భర్తను దూరం చేయడానికి, తిరిగిరాలేని చోట్లకు పంపిస్తాడు. అతన్ని మనమందరం అసహ్యించుకుంటాం. సరే. కాని హీరోకూ ఈ రాజుకూ తేడా ఏమిటి? ఇద్దరూ ఆమెను చూసి కోరుకున్నవాళ్ళే. ఇద్దరూ ఆమెను అడగనివాళ్ళే. రాజు విలన్ అయింది ఆమె ఒప్పుకోలేదని కాదు, ఆమె అప్పటికే ఇంకొకడి భార్య అని. అంటే తప్పు ఆమె పట్ల జరగలేదు, ఆమె సొంతదారుడి పట్ల జరిగింది.

ఇది సినిమా వాళ్ళ తెలివితక్కువతనం అనుకోవద్దు. ఈ దేశపు చట్టం కూడా ఇదే మాట చెప్పింది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌లో వ్యభిచారం భర్త పట్ల జరిగే నేరం. భర్త అనుమతి ఉంటే నేరమే కాదు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లో గాని కొట్టివేయలేదు.

ఇంకొక సంగతి. సినిమాలో ఆ చీర హీరో దగ్గర ఉండదు, అత్తగారి దగ్గర ఉంటుంది. మా సంఘం పిల్ల కాయితాలు కూడా అత్త పెట్టెలోనే ఉన్నాయి. తాళం చెవి ఆడదాని బొడ్లో ఉంటుంది, తాళం వేయించిన అధికారం కొడుకుది. రేపు గొడవ బయటపడితే "ఆడదానికి ఆడదే శత్రువు" అని లోకం తేల్చేస్తుంది. కొడుకు చేతులు శుభ్రంగా ఉంటాయి. ఆ అత్త కాయితాలు ఆమె కోడలై వచ్చిన రోజున ఎవరి పెట్టెలో ఉన్నాయో ఎవరూ అడగరు.

ఇలా మాట్లాడితే మనవాళ్ళే కొందరు విసుక్కుంటారు. "అరవై ఏళ్ళ నాటి జానపద సినిమా. సరదాగా చూసి ఊరుకోక, దాని మీద కూడా పడాలా? మీకు నవ్వడం రాదా?" అంటారు. నవ్వడం వచ్చు. ఇప్పుడే చెప్పాను, మళ్ళీ చూసి నవ్వాను. కాని జానపదం కదా అని వదిలేయమంటే ఒప్పుకోను. ఎందుకంటే అసలు జానపదం ఏం చెప్పిందో ఒకసారి చూడండి.

బట్టలు దాచి దేవకన్యను పెళ్ళాడే కథ మన ఒక్కరిదే కాదు. జపాన్‌లో ఉంది, కొరియాలో ఉంది. స్కాట్లండ్ సముద్రతీరంలో సీల్ తోలు దాచి ఆ కన్యను ఇంటికి తెచ్చుకునే జాలరి కథ ఉంది. ఇన్ని దేశాల్లో, ఇన్ని భాషల్లో, ఆ కథలన్నింటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే సంగతి ఒకటుంది. బట్ట దొరికిన రోజున ఆమె వెళ్ళిపోతుంది. పిల్లలు పుట్టినా వెళ్ళిపోతుంది. మగడు మంచివాడైనా వెళ్ళిపోతుంది. ఆ కథలు తరతరాలుగా చెప్పినవాళ్ళలో మన అవ్వలు లేరా? వాళ్ళకు తెలుసు. ప్రేమతో ఉందా, దారి లేక ఉందా అనేది చీర చేతికిచ్చి చూస్తేనే తెలుస్తుందని వాళ్ళకు తెలుసు.

మన సినిమాలో కూడా జయంతి వెళ్ళిపోతుంది! అత్తగారి దగ్గరి నుంచి ఉపాయంగా చీర సంపాదించుకుని మిగతా ముగ్గురితో కలిసి దేవలోకం వెళ్ళిపోతుంది. ఇది మనలో ఎంతమందికి గుర్తుంది? మాకు గుర్తున్నది ఆ తర్వాత ఘంటసాల గొంతులో వచ్చే పాట, దానికి కరిగే రాయి. ఆమె వెళ్ళిపోవడం మాకు కథలో ఒక ఆటంకంగానే మిగిలింది. ఆమె మళ్ళీ తిరిగి వచ్చేదాకా కథ పూర్తయినట్టు అనిపించలేదు.

ఆ సినిమా వచ్చిన 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందే, 1955లో, హిందూ వివాహ చట్టం రెండో పెళ్ళిని నేరం చేసింది. చట్టం ఒక్క భార్య అంటుంటే తెర మీద నలుగురు భార్యలు వరంగా దొరికారు. మనం ఏది ఎక్కువ నేర్చుకున్నాం? చట్టం చదివినవాళ్ళెందరు, సినిమా చూసినవాళ్ళెందరు?

ఒక విచిత్రం కూడా చెప్పాలి. తెర మీద ప్రతాపుడుగా వేసిన ఎన్.టి. రామారావు తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ వల్ల 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశంలో మిగతావాళ్ళకు దారి చూపిన పని అది. మెచ్చుకోవాల్సిందే. కాని అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళను ఆ చట్టం వదిలేసింది. కేంద్రం 2005లో చట్టం సవరించేదాకా వాళ్ళకు ఆ హక్కు లేదు. పెళ్ళయిన ఆడపిల్ల ఇంకొకరి ఇంటి మనిషి అయిపోయిందన్న నమ్మకం మేలు చేసే చట్టంలో కూడా ఇలా దూరింది.

దేవలోకం పెళ్ళి అంటే మా పాలమూరు వాళ్ళకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. సినిమాలో మగవాడు దేవకన్యను చేసుకుంటే అది వరం. ఇక్కడ దళిత ఆడపిల్లకు దేవుడితో పెళ్ళి చేసి జోగిని అన్నారు. అది ఊరి మగవాళ్ళందరికీ వరమైంది, ఆ పిల్లకు బతుకంతా శాపమైంది. దాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆగలేదు. ఆ ఆడవాళ్ళే ముందుకు వచ్చి నిలబడిన చోటనే ఆగింది. దేవుడి పేరుతో, దేవత వరం పేరుతో ఆడదాని ఇష్టాన్ని పక్కకు నెట్టడం ఏ కథలో జరిగినా మనం గుర్తు పట్టాలి.

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వద్దాం. దాచిన చీరను తిరిగి ఇప్పించే చట్టం మనకు ఉంది. కార్యకర్తలం దీన్ని నోటికి వచ్చేటట్టు నేర్చుకోవాలి. స్త్రీధనం భార్యదే, అత్తింటి వాళ్ళు దాన్ని నమ్మకంగా దాచిపెట్టినవాళ్ళు మాత్రమే, ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరం అని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగా లెక్కించింది. ఆ చట్టం 19వ సెక్షన్ 8వ ఉపసెక్షన్ ప్రకారం స్త్రీధనమే కాదు, ఆమెకు చెందిన ఏ వస్తువునైనా, విలువైన పత్రాన్నైనా తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. రక్షణాధికారి దగ్గర ఫిర్యాదు రాయించవచ్చు. మామూలుగా మూడు రోజుల్లోపల మొదటి వాయిదా పెట్టాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. అరవై రోజుల్లో తేలిన కేసులు మనం చూసింది తక్కువే. అందుకే వెంట పడాలి.

మేం వెంట పడ్డాం. ఊరి పెద్దలు ముందు "ఇంటి గుట్టు" అన్నారు. తర్వాత "సర్దుకుపోవాలె" అన్నారు. దరఖాస్తు రాయించి, ఆ కాపీ పట్టుకుని ఐదుగురం ఆ ఇంటికి పోయి కూర్చున్నాం. సాయంత్రానికి పెట్టె తాళం తెరుచుకుంది. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కొక్కటీ తీసి, తన పేరు చదువుకుని, మళ్ళీ కవర్లో పెట్టుకుంది. ఏడవలేదు, నవ్వలేదు.

అప్పటికి ఆయా పోస్టుకు గడువు అయిపోయింది. ఆమె ఆ ఇంట్లోనే ఉంది. మొన్న ఒక కార్యకర్త నన్ను అడిగింది, "ఇంత చేస్తే ఆమె మళ్ళ ఆడనే ఉండె గద, ఏం ఫాయిదా అక్కా?" అని. నాకు ఆ ప్రశ్న నచ్చలేదు. మనం ఆమెను ఇంట్లోంచి తీసుకురావడానికి పోలేదు. ఆమె చీర ఆమెకు ఇప్పించడానికి పోయాం. ఉంటుందో పోతుందో ఆమె ఇష్టం. నిన్నటిదాకా ఉన్నది పోలేక. ఇప్పుడు ఉన్నది పోగలిగి. బయటివాళ్ళకు రెండూ ఒకటే కనిపిస్తాయి, ఆమెకు మాత్రం కాదు. కవరు ఇప్పుడు మా సంఘం బీరువాలో, ఆమె పేరుతో ఉంది. బీరువా తాళం చెవి ఒకటి ఆమె దగ్గరే ఉంది.

ఈ సినిమాను నిషేధించాలని, చూడొద్దని నేను అనడం లేదు. కిశోర బాలికల సంఘాల్లో చూపించమంటున్నాను. కొలను దగ్గర ఆపండి. "ఆమె ఏం చెప్పింది?" అని అడగండి. చాటుగా నిలబడి ఆడవాళ్ళ స్నానం చూడడం 2013 నుంచి నేరమని, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ అని చెప్పండి. చీర దాచిన చోట ఆపండి. "మీ ఇంట్లో మీ చీర ఎవరి దగ్గర ఉంది?" అని అడగండి. ఆమె ఎగిరిపోయిన చోట మాత్రం ఆపకండి. అక్కడ పిల్లల్ని చప్పట్లు కొట్టనివ్వండి.

గద్వాల చీరలు నేసే సీమ మాది. నూలు ఒళ్ళు, పట్టు అంచు కలిపి నేస్తారు. మగ్గం మీద కూర్చున్నవాడిని నేతగాడు అంటారు, పక్కన కండెలు చుట్టే ఆడదాని పనిని సాయం అంటారు. ఇక్కడ చీర విలువ అందరికీ తెలుసు. అది కట్టుకున్నదానిదేనన్న మాట మాత్రం ఇంకా ఇంటింటికీ పోయి చెప్పాల్సే ఉంది.