చుట్టాల ఊళ్లో రెండు రోజులు

దసరా సెలవులకు పదిమంది కలిసి హైదరాబాద్‌లోని చుట్టాలింట్లో దిగితే జాబితా చాంతాడంత ఉంటుంది: గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, ట్యాంక్‌బండ్. ఉన్నవి రెండే రోజులైనప్పుడు రోజుకొక చోటే చాలని మా అభిప్రాయం. గోల్కొండనే తీసుకోండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. ఆ వింత తెలియాలంటే సగంమంది కింద ఆగాలి, మిగతావాళ్లు వందల మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మకు కూడా ఇందులో పని దొరుకుతుంది: కింద ఆవిడ చప్పట్లు కొడితే పైన మనవలు వింటారు. గంటలో చూసి పరుగెత్తేవారికి ఇది దక్కదు.

ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి రెండే చూసి పోవాలా అనేవారున్నారు. శ్రీకాకుళం నుంచి ఎన్నేళ్లకో వచ్చేవారి విషయంలో అది న్యాయమైన మాటే. అయినా సాలార్‌జంగ్‌లో గడియారంలోని బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా ఆగలేనప్పుడు టికెట్టు కొన్న ఫలమేముంది? (శుక్రవారం మ్యూజియానికి సెలవు, గమనించండి.) మరో సంగతి, మాకు ముఖ్యమైనది: అందరూ ఊరు చూస్తుంటే ఆ ఇంటి ఇల్లాలు మాత్రం పదిమందికి టిఫిన్లు, భోజనాలు అమర్చుతూ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. బయట తింటే చుట్టాలు చిన్నబుచ్చుకుంటారంటారు. బయల్దేరేముందే ఫోన్‌లో చెప్పి, మధ్యాహ్నం భోజనం బయటే అనుకుని, ఆవిడనూ వెంటబెట్టుకెళ్తే చిన్నబుచ్చుకోరు. ఆ ఊళ్లోనే ఉంటూ గోల్కొండ ఎక్కని ఇల్లాళ్లు చాలామందే ఉన్నారు.